వేలాడే వంతెన కేబుల్ వంపును ఎలా లెక్కగట్టాలి?

లెక్క మొదలుపెట్టే ముందు, మీ వంతెన కేబుల్‌కు పరావలయం (పారాబోలా, అంటే ఎత్తు దూరం వర్గంతో పెరిగే వంపు) వర్తిస్తుందో లేదో తేల్చుకోవాలి. రెండు కొనలు కట్టి వదిలేసిన గొలుసు వంపు పరావలయం కాదని డచ్ శాస్త్రవేత్త హైగెన్స్ 1646లోనే, పదిహేడేళ్ల వయసులో, నిరూపించాడు. గొలుసు బరువు దాని పొడవునా పరుచుకొని ఉంటుంది. ఆ వక్రాన్ని కేటినరీ అంటారు. వంతెనలో మాత్రం కేబుల్ కంటే రోడ్డు తలం చాలా బరువు, పైగా ఆ బరువు అడ్డంగా కొలిచిన ప్రతి మీటరుకూ దాదాపు ఒకేలా ఉంటుంది. ఈ షరతు కుదిరితేనే కింది లెక్క చెల్లుతుంది.

టవర్ల మధ్య దూరం 200 మీటర్లు, టవరు కొన నుంచి కేబుల్ అడుగు బిందువు వరకు దిగుడు 20 మీటర్లు, ఒక్కో కేబుల్ మోసే బరువు మీటరుకు 50 కిలోన్యూటన్లు అనుకుందాం.

ఇప్పుడు అడుగు బిందువు నుంచి ఒక టవరు వరకు సగం కేబుల్‌ను మాత్రమే విడిగా గీయండి. అడుగున కేబుల్ వాలు సున్నా కనుక అక్కడి తన్యత (కేబుల్‌లోని లాగుడు బలం) పూర్తిగా అడ్డంగానే పనిచేస్తుంది. ఈ సగంపై పడే మొత్తం బరువు 5,000 కిలోన్యూటన్లు. అది టవరుకు 50 మీటర్ల దూరంలో కేంద్రీకృతమైనట్టే లెక్క. టవరు కొన దగ్గర భ్రామకాలు (బలం × దూరం, అంటే తిప్పే ప్రభావాలు) సరితూగాలి కాబట్టి అడ్డ తన్యత × 20 = 5,000 × 50, అంటే అడ్డ తన్యత 12,500 కిలోన్యూటన్లు. టవరుకు బదులు కేబుల్‌పై ఏ బిందువును తీసుకున్నా ఇదే వాదన నడుస్తుంది: బరువు అడుగు బిందువు నుంచి దూరంతో పెరుగుతుంది, దాని భ్రామక భుజం సగం దూరం, కాబట్టి ఎత్తు దూరం వర్గానికి అనులోమంగా ఉంటుంది. పరావలయం వచ్చేది ఇక్కడినుంచే. మన వంతెనకు సూత్రం: ఎత్తు = దూరం × దూరం ÷ 500.

హ్యాంగర్ల (కేబుల్ నుంచి రోడ్డు తలాన్ని వేలాడదీసే నిలువు తీగల) పొడవులకు ఈ సూత్రమే చాలు. మధ్య నుంచి 10, 20, 30, 40 మీటర్ల దగ్గర కేబుల్ వరుసగా 0.2, 0.8, 1.8, 3.2 మీటర్లు లేస్తుంది. వీటికి మధ్య హ్యాంగర్ పొడవు కలపండి. పక్కపక్క ఎత్తుల తేడాలు 0.2, 0.6, 1.0, 1.4 అని ప్రతిసారీ 0.4 చొప్పున పెరగాలి. పెరగకపోతే కూడికలో తప్పు దొర్లినట్టే.

తన్యత అత్యధికంగా ఉండేది టవరు దగ్గర. అక్కడ అడ్డ భాగం 12,500, నిలువు భాగం 5,000. పైథాగరస్ సూత్రంతో దాదాపు 13,460 కిలోన్యూటన్లు వస్తుంది. కేబుల్ మందాన్ని ఈ అంకెతోనే నిర్ణయించాలి.

అసలు తెలివి కావలసింది దిగుడును ఎంచుకోవడంలో. దాన్ని 10 మీటర్లకు తగ్గిస్తే టవర్లు పొట్టివవుతాయి గానీ అడ్డ తన్యత రెట్టింపై 25,000కు చేరుతుంది, చివర లంగరు దిమ్మెలు దాన్ని ఆపాలి. 1937లో ప్రారంభమైన గోల్డెన్ గేట్ వంతెనలో 1,280 మీటర్ల ప్రధాన విస్తారానికి దిగుడు సుమారు 143 మీటర్లు, అంటే దాదాపు తొమ్మిదో వంతు.

చివరగా కేబుల్ పొడవు: మన ఉదాహరణలో టవర్ల మధ్య సుమారు 205.2 మీటర్లు. ఇది రోడ్డు తలం బరువంతా పడ్డాక ఉండే పొడవు కాబట్టి, తన్యతకు ఉక్కు సాగే మేరను దీనిలోంచి తీసివేసి, ఆ తక్కువ పొడవునే కేబుల్ తయారీకి ఇవ్వాలి.