ఆశా కార్యకర్తల స్వయంశిక్షణ, 4వ పాఠం: పసిబిడ్డ ఊపిరి లెక్కపెట్టడం

మూడవ పాఠంలో జోలె త్రాసుతో బిడ్డ బరువు తూచడం అభ్యాసం చేశాం. ముల్లు సున్నా మీద నిలిచిందో లేదో చూసుకోకుండా జోలెలో బిడ్డను వేయకూడదనీ, 2,500 గ్రాముల కంటే తక్కువ తూగిన బిడ్డను తక్కువ బరువు బిడ్డగా రిజిస్టరులో గుర్తు పెట్టుకోవాలనీ అక్కడ చెప్పుకున్నాం. ఈ పాఠానికి త్రాసు అవసరం లేదు. సెకన్లు చూపే గడియారం, తగినంత వెలుతురు, ఒక నిమిషం పాటు చెదరని చూపు ఉంటే చాలు. నేర్చుకోవలసినది ఒక్క పనే అయినా దానికి పూర్తి పాఠం కేటాయించడానికి కారణం ఉంది. శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో కొత్తగా చేరిన ఆశాలకు శిక్షణ ఇచ్చిన ఇన్నేళ్ళలో, తేలికేననుకుని చాలామంది తప్పు చేసే పని ఇదేనని గమనించాను.

ముందుగా మన గృహ సందర్శనల క్రమాన్ని గుర్తు చేసుకుందాం. 2011లో మొదలైన ఇంటివద్ద నవజాత శిశు సంరక్షణ కార్యక్రమం ప్రకారం ఆసుపత్రిలో పుట్టిన బిడ్డను 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆరుసార్లు, ఇంట్లోనే పుట్టిన బిడ్డను మొదటి రోజుతో కలిపి ఏడుసార్లు చూడాలి. నెలలోపు చనిపోయే పసిబిడ్డల్లో దాదాపు నాలుగింట మూడు వంతుల మంది మొదటి వారంలోనే చనిపోతారు. సరిగ్గా ఆ వారంలోనే తల్లీబిడ్డలు ఆసుపత్రి విడిచి ఇంటికి చేరుతారు. డాక్టరు గారు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉంటారు, ఏఎన్ఎం గారికి చూడవలసిన ఊళ్ళు ఇంకా ఉంటాయి, బిడ్డ మాత్రం చీకటి గదిలో కుంపటి పక్కన నులక మంచం మీద ఉంటాడు. ఆ గదిలోకి అడుగుపెట్టే హక్కూ, చనువూ ఉన్న ఆరోగ్య కార్యకర్త ఆ ఊరి ఆశా ఒక్కరే.

చదువు తక్కువగా ఉన్న గ్రామ మహిళలు ఇంతటి బాధ్యత మోయగలరా అని ఒకప్పుడు పెద్ద వైద్యులే సందేహించారు. మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో అభయ్ బంగ్, రాణీ బంగ్ అనే వైద్య దంపతులు 39 గ్రామాల్లో ఆ సందేహానికి సమాధానం వెదికారు. ఊరి మహిళలకే బిడ్డను పరీక్షించడం, ప్రమాద చిహ్నాలు గుర్తించడం, ఇన్‌ఫెక్షన్ సోకితే ఇంటి దగ్గరే మందు ఇవ్వడం నేర్పారు. 1999లో ఆ ఫలితాలు ప్రచురించినప్పుడు, పోల్చి చూసిన ఇతర గ్రామాల కంటే అక్కడ నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గినట్టు తేలింది. మనం ఇంటింటికీ తిరిగి చేస్తున్న పనికి మూలం అక్కడే ఉంది. అక్షరాలు రాని మంత్రసానులు కూడా ఊపిరి లెక్కించగలిగేలా, పది ఊపిరులకు ఒక పూస జరిపే చిన్న సాధనాన్ని కూడా వారు తయారు చేశారు. ఆ పూసల లెక్కను మన చింతపిక్కలతో ఎలా చేయవచ్చో కాసేపట్లో చూద్దాం.

ఊపిరినే ఎందుకు లెక్కపెట్టాలన్నది అర్థమైతే లెక్కలో శ్రద్ధ దానంతట అదే వస్తుంది. ఊపిరితిత్తులకు ఇన్‌ఫెక్షన్ సోకినప్పుడు వాటిలో నీరు, చీము చేరి అవి బిగుసుకుపోతాయి. పెద్దవాళ్ళమైతే ఆయాసపడుతూ గట్టిగా, లోతుగా పీల్చుకోవడానికి ప్రయత్నిస్తాం. పసిబిడ్డ పక్కటెముకలు ఇంకా మెత్తగా ఉంటాయి కనుక లోతుగా పీల్చుకునే బలం ఉండదు. ఆ లోటును భర్తీ చేసుకోవడానికి బిడ్డ ఎక్కువసార్లు ఊపిరి తీస్తాడు. చాలాసార్లు ఒళ్ళు వేడెక్కకముందే, పాలు మానకముందే ఈ వేగం కనిపిస్తుంది. పసిబిడ్డకు జబ్బు చేసినా జ్వరం రాకపోవచ్చు, ఒక్కోసారి ఒళ్ళు చల్లబడుతుంది కూడా. అందువల్ల ఒంటి మీద చెయ్యి వేసి చూసి, వేడి లేదని నిశ్చింతగా లేచి రాకూడదు.

ఇక పనిలోకి వద్దాం. బిడ్డ నిద్రలోనో, మెలకువగా ఉన్నా నెమ్మదిగానో ఉన్నప్పుడు మాత్రమే లెక్కించాలి. ఏడుస్తున్నప్పుడు, పాలు తాగుతున్నప్పుడు, స్నానం చేయించిన వెంటనే లెక్కిస్తే అంకె నిజం చెప్పదు. కాబట్టి ఇంట్లోకి వెళ్ళగానే ముందు చేయవలసిన పరీక్ష ఇదే. ముందు తూకం వేస్తే బిడ్డ ఏడుస్తాడు, ఆ తరువాత అరగంట వేచి ఉండాల్సి వస్తుంది. చేతులు సబ్బుతో కడుక్కుని, ఆరనిచ్చి, తల్లి పక్కన కూర్చోండి. గదిలో సాంబ్రాణి పొగ ఉంటే కుంపటిని బయట పెట్టమని నెమ్మదిగా చెప్పండి. పొగ బిడ్డ ఊపిరితిత్తులకు చేటు, మీ చూపుకు కూడా అడ్డం.

బట్ట తొలగించే దగ్గరే అసలు చిక్కు వస్తుంది. మందస మండలంలో మహేంద్రగిరి వైపున్న ఒక ఊరిలో, పుష్యమాసపు ఉదయం, ఒక ఆశాతో కలిసి ఐదు రోజుల బిడ్డను చూడడానికి వెళ్ళాను. బిడ్డను పాత నేత చీర ముక్కలో మెడ దాకా చుట్టి ఉంచారు. ఆశా చీర మడత మీద చెయ్యి వేయగానే నాయనమ్మ అడ్డుపడింది. “సలిగాలికి పిల్లడి బట్టిప్పీస్తే ఎలాగమ్మా, ఏటయినా అయితే ఎవులు సెప్తారు?” అంది. ఆశా వాదనకు దిగలేదు. లేచి వెళ్ళి తలుపు దగ్గరగా వేసి, కిటికీ వెలుగు బిడ్డ మీద పడేలా మంచం జరిపించి, “తలకి టోపీ అలాగే ఉంచీద్దాం పిన్నీ, కాళ్ళూ కప్పే ఉంటాయి, పొట్ట ఒక్కటే ఒక నిమిషం సూస్తాను, నువ్వే పట్టుకో” అంది. ముసలమ్మే చీర అంచు రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుంది. తన చేతుల్లోనే ఉంది కనుక ఆమె భయం తగ్గింది. ఈ పద్ధతి అందరూ అలవాటు చేసుకోదగినదని నా అభిప్రాయం.

చూడవలసినది ముక్కు కాదు, ఛాతీ పైభాగం కూడా కాదు. పసిబిడ్డ ప్రధానంగా పొట్టతోనే ఊపిరి తీస్తాడు, కాబట్టి ఛాతీ కింది అంచు, పొట్ట పైభాగం కలిసే చోట చూపు నిలపాలి. పొట్ట ఒకసారి పైకి లేచి, తిరిగి కిందికి దిగితే ఒక ఊపిరి. లేవడాన్ని ఒకటి, దిగడాన్ని రెండు అని లెక్కించేవారిని చూశాను. అలా చేస్తే ఆరోగ్యంగా ఉన్న బిడ్డ కూడా జబ్బు బిడ్డ లెక్కలోకి వస్తాడు. పొరపాటు రాకుండా, పొట్ట పైకి లేచినప్పుడు మాత్రమే మనసులో అంకె అనుకోండి. గడియారాన్ని బిడ్డ పొట్ట పక్కనే, రెండూ ఒకే చూపులో పడేలా పట్టుకోండి. సెల్‌ఫోను ఉంటే ఒక నిమిషానికి టైమరు పెట్టి పక్కన పెట్టుకోవడం ఇంకా మేలు, అది మోగేదాకా చూపు బిడ్డ మీద నుంచి కదిలించనక్కరలేదు. 40 దాటాక అంకెలు తడబడేవారు కుడిచేతిలో చింతపిక్కలు ఉంచుకుని, పది ఊపిరులకు ఒక పిక్కను ఒడిలోకి జార్చి, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాలి. టైమరు మోగేటప్పటికి ఒడిలో నాలుగు పిక్కలు పడి, నోట ఏడు అంకె ఉంటే లెక్క 47.

నిమిషం మొత్తం లెక్కించాలి. అర నిమిషం చూసి రెట్టింపు చేయకూడదు, పావు నిమిషం చూసి నాలుగుతో హెచ్చవేయడం అసలే కూడదు. పసిబిడ్డ ఊపిరి గడియారం ముల్లులా ఒకే తీరున నడవదు. కొన్ని సెకన్లు గబగబా తీసి, ఐదు నుంచి పది సెకన్ల పాటు ఆగి, మళ్ళీ మొదలుపెట్టడం చాలామంది పసిబిడ్డల్లో సహజమే. మీరు చూసిన అర నిమిషంలో ఆ విరామం పడితే అంకె తగ్గిపోతుంది. నేను ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాల్లో, ఇంకా నాలుగు ఇళ్ళు తిరగాలన్న తొందరలో, తొమ్మిది రోజుల ఆడబిడ్డకు అర నిమిషం చూసి, 26 వస్తే 52 అని రాసి, బాగానే ఉందని చెప్పి వచ్చేశాను. సాయంత్రం మా సూపర్‌వైజరు గారు అదే ఇంటికి వెళ్ళి నిమిషం పూర్తిగా లెక్కిస్తే 66 వచ్చింది, మరోసారి 64. ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్ళారు, బిడ్డ కోలుకుంది. ఆ 52 అంకె ఉన్న పేజీ ఇప్పటికీ నా కళ్ళ ముందు కదులుతుంది.

రెండు నెలలలోపు బిడ్డకు హద్దు నిమిషానికి 60. అంతకు తక్కువ వస్తే వేగం మామూలే. 60 గానీ, అంతకు మించి గానీ వస్తే కంగారుపడకుండా, కొద్దిసేపు ఆగి మరో నిమిషం లెక్కించండి. రెండోసారి 54 వస్తే దానిని వేగమైన ఊపిరిగా పరిగణించనక్కరలేదు. రెండోసారి కూడా 60 గానీ, అంతకు మించి గానీ వస్తే అది వేగంగా ఊపిరి తీయడమే, అనుమానం పెట్టుకోకండి. బిడ్డ పెరిగే కొద్దీ హద్దు తగ్గుతుంది. రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ళ లోపు 40. అందుకే వయసు కనుక్కోకుండా అంకెను చూసి నిర్ణయం చెప్పకూడదు.

లెక్క పూర్తయ్యాక చీర వెంటనే కప్పేయకుండా మరికొన్ని క్షణాలు చూడండి. ఊపిరి పీల్చేటప్పుడు పక్కటెముకల కింది భాగం లోపలికి గుంటలా పడుతోందా? మన పల్లెల్లో దీనినే డొక్కలు ఎగరేయడం అంటారు. పసిబిడ్డ ఎముకలు మెత్తనివి కనుక స్వల్పంగా లోపలికి పోవడం సహజమే. దూరం నుంచి కూడా స్పష్టంగా, లోతుగా, ప్రతి ఊపిరికీ కనిపిస్తే మాత్రం అది ప్రమాద చిహ్నం, అప్పుడు అంకె 60కి తక్కువ ఉన్నా ఆసుపత్రికి పంపవలసిందే. ఊపిరి వదిలేటప్పుడు మూలుగు, ముక్కుపుటాలు ఎగరడం, పెదవులు, నాలుక నీలం తిరగడం, 20 సెకన్లకు మించి ఊపిరి ఆగడం కూడా అంతే. పాలు తాగకపోవడం, ఒళ్ళు వేలాడేయడం, మూర్ఛ వంటివి ఆరవ పాఠంలో వివరంగా వస్తాయి, అయితే వాటిలో ఏది కనిపించినా ఆ పాఠం కోసం ఆగకండి.

ఇప్పుడు ఇంటివారితో మాట్లాడాలి. లెక్క కంటే ఇదే కష్టమని చాలామంది ఆశాలు నాతో అన్నారు, అది నిజం. పురుడు వెళ్ళేదాకా బాలింత గడప దాటకూడదన్న పట్టింపు ఉన్న ఇళ్ళున్నాయి. డొక్కలెగరేస్తే పసరు పోయించడమో, వాతలు పెట్టించడమో ముందు తలచుకునేవారూ ఉన్నారు. వారిని కసిరితే తలుపు మూసుకుపోతుంది, రేపు రెండో బిడ్డ పుట్టినప్పుడు కబురు కూడా రాదు. మీరు చూసినదే వారికి చూపించండి. నాయనమ్మను పక్కన కూర్చోబెట్టుకుని, చింతపిక్కలు ఆమె చేతికిచ్చి, మీరు బిగ్గరగా లెక్కపెడుతూ ఆమె చేతనే పిక్కలు జార్పించండి. “ఆరు పిక్కలు పడకూడదు పిన్నీ, ఏడోది కూడా పడిపోనాది” అన్న ఒక్క మాట, నిమోనియా అన్న పేరు కంటే బలంగా పనిచేస్తుంది.

ఒప్పుకున్నాక ఆలస్యం ఉండకూడదు. 108కి మీరే ఫోను చేయండి, దారి, ఊరి గుర్తు మీరే చెప్పండి. ఏఎన్ఎం గారికి కబురు చేయండి, పంపే ముందు ఇవ్వవలసిన మొదటి మోతాదు మందు విషయం వారు చూసుకుంటారు. ఏడు రోజులలోపు బిడ్డకు వేగం ఒక్కటి ఉన్నా తీవ్రమైనదిగానే భావించి, నవజాత శిశువుల ప్రత్యేక విభాగం ఉన్న పెద్ద ఆసుపత్రికి పంపడం మేలు. దారి పొడవునా బిడ్డను తల్లి రొమ్ముల మధ్య ఒంటికి ఒళ్ళు తగిలేలా ఉంచి పైన దుప్పటి కప్పాలి, తాగగలిగితే పాలు పడుతూనే ఉండాలి. ఖర్చుకు వెనకాడే కుటుంబానికి ఒక విషయం తప్పక చెప్పండి. జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రిలో జబ్బుపడిన పసిబిడ్డకు వైద్యం, మందులు, పరీక్షలు, రాకపోకలు ఉచితం.

చివరగా రాత. బాగున్న బిడ్డకు కూడా “మామూలు” అని రాసి వదిలేయకుండా అంకెనే రాయండి, రెండుసార్లు లెక్కిస్తే రెండు అంకెలూ రాయండి. 3వ రోజున 44, 7వ రోజున 58 అని ఉంటే, హద్దు దాటకపోయినా మర్నాడు మరోసారి వెళ్ళి చూడాలని ఆ పేజీయే చెబుతుంది. ఒకే వీధిలో ముగ్గురు బిడ్డలకు వేగం కనిపిస్తే, ఆ విషయం ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి మొదట తెలిసేది మీ రాత వల్లనే.

వచ్చే పాఠం లోపు చేయవలసిన అభ్యాసం ఇది. మీ ఊరిలో రెండు నెలలలోపు బిడ్డలు ముగ్గురిని ఎంచుకుని, తల్లుల అనుమతితో ఒక్కొక్కరికి ఒక్కో నిమిషం చొప్పున రెండుసార్లు లెక్కించండి. ఇద్దరు ఆశాలు కలిసి వెళ్ళి, ఒకరి అంకె ఒకరికి చెప్పకుండా కాగితం మీద రాసుకుని తరువాత పోల్చి చూసుకుంటే ఇంకా మంచిది. తేడా నాలుగైదుకు మించితే ఇద్దరూ మళ్ళీ లెక్కించండి. లెక్కించేటప్పుడు బిడ్డ నిద్రపోతున్నాడో, మెలకువగా ఉన్నాడో అంకె పక్కనే రాయండి. ఆ కాగితాలు దాచుకోండి. ఐదవ పాఠంలో థర్మామీటరును చంకలో పెట్టి వేడి చూడడం నేర్చుకునేటప్పుడు అదే ముగ్గురు బిడ్డల దగ్గరికి మళ్ళీ వెళ్తాం.