బాణపు పురుగులు, పాఠం 4: ముందు అడ్డుపొర, తర్వాతే వాజాలు

బాణపు పురుగులంటే బాణం ఆకారంలో సన్నగా ఉండే చిన్న సముద్ర జీవులు. పోయినసారి వాటిలో ఒకదాని బొమ్మ ఇచ్చి ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) పేరు అడిగితే, మీలో చాలామంది యూక్రోనియా అని రాశారు. అది సజిట్టా. తప్పు నాది. పార్శ్వ వాజాలు (ఒంటికి రెండు పక్కలా ఉండే రెక్కల్లాంటి పొరలు) ఒక జతో రెండు జతలో లెక్కపెట్టమని చెప్పి ఊరుకున్నాను. ఆ బొమ్మలో ముందు జత ఊడిపోయి ఉంది.

ఇది చిన్న పొరపాటు కాదు. జంతుశాస్త్రవేత్త టోకియోకా 1965లో చేసిన వర్గీకరణలో అడ్డు కండరాలున్న యూక్రోనియా ఫ్రాగ్మోఫోరా క్రమంలోకి (ప్రజాతి కంటే పెద్ద వర్గం), అవి లేని సజిట్టా అఫ్రాగ్మోఫోరాలోకి వెళ్తాయి. అంటే మీరు ప్రజాతినే కాదు, క్రమాన్నే మార్చేశారు. (సజిట్టాను ఆయన చాలా ప్రజాతులుగా విడగొట్టాడు. నేర్చుకునేవాళ్లకు పాత విశాలమైన సజిట్టాయే మేలని నా నమ్మకం, ఇక్కడ అదే వాడతాను.)

వలలో పడ్డ బాణపు పురుగుకు మొదట చిరిగేవి వాజాలే. వాటిలో ఎముకా లేదు, కండరమూ లేదు. సన్నని కిరణాల మీద నిలిచిన పలచటి పొర, అంతే. అందుకే ఎన్ని మిగిలాయన్నది నమ్మకండి, ఎక్కడున్నాయో చూడండి. దానికి మొండేన్నీ తోకనూ వేరుచేసే అడ్డుపొర ముందు దొరకాలి. ఈ జీవులన్నీ ఉభయలింగులు: అండాశయాలు పొరకు ముందు, ముష్కాలు (వృషణాలు) వెనక. ముదురు జీవిలో అండాలు గుండ్రంగా వరుసకట్టి వచ్చి ఒక్కచోట ఆగిపోతాయి. పొర అక్కడే. లేతదైతే కడుపువైపు పాయువును (మలద్వారాన్ని) వెతకండి, పొర దాని వెనకే ఉంటుంది.

ఇక చూడండి. సజిట్టా ముందు జత పూర్తిగా మొండెం మీదే ఉంటుంది, వెనక జత పొరకు అటూ ఇటూ పరుచుకుంటుంది. యూక్రోనియాకు ఒకటే పొడవాటి జత, మొండెం మీద బాగా ముందు నుంచే మొదలై పొర దాటి తోక మీదికి వస్తుంది. టెరోసజిట్టాకూ ఒకటే జత, కానీ మొత్తం తోక మీదే. మన బొమ్మలో మిగిలిన జత పొట్టిది, పొర మీదుగా ఉంది, దాని ముందు మొండెం బోసిగా ఉంది. కాబట్టి అది సజిట్టా వెనక జతే. కొందరు తోక వాజాన్ని కూడా ఒక జతగా లెక్కేశారు. అది పార్శ్వ వాజం కాదు.

నేనైతే తలతోనే మొదలుపెడతాను. తల మీద ఎరను పట్టే కొక్కేలుంటాయి, వాటి మీది ముసుగును సూదితో మెల్లగా వెనక్కి తీస్తే పళ్లు కనిపిస్తాయి. ఒక్కో వైపు రెండు వరుసలుంటే సజిట్టా లేదా టెరోసజిట్టా, ఒకటే ఉంటే యూక్రోనియా.

అభ్యాసం: ఈ మూడు ప్రజాతులనూ వాజాలు లేకుండా గీయండి. పొర, అండాశయాలు, ముష్కాలు, పళ్లు మాత్రమే ఉండాలి. వారం తర్వాత, మీ బొమ్మలు చూసి ఎక్కడ ఏ వాజం ఉండాలో అక్కడ గీయండి.