నీళ్లలోని నూనెను మీడియాతో పట్టాలంటే

నీళ్లలోని నూనెను పట్టుకునే గింజలను మీడియా అంటారు, అవి నింపిన నిలువు ట్యాంకు కాలమ్, లోపలి గింజల పొర బెడ్. కార్బన్ కాలమ్ పెట్టించాం, అయినా నూనె పోవట్లేదని ఎవరైనా అంటే నేను ముందు ఆ కాలమ్ వైపు చూడను. అందులోకి వెళ్తున్న నీళ్లు గాజు సీసాలో పట్టి తెమ్మంటాను. ప్లాస్టిక్ సీసా వద్దు. నూనె దాని గోడలకే అంటుకుపోయి, ల్యాబ్‌లో అంకె తక్కువ చూపిస్తుంది. అవే నీళ్లతో సీసాను ముందుగా తొలవడం కూడా వద్దు, మొదట అంటుకున్న నూనె లోపలే ఉండిపోయి అంకె పెరుగుతుంది.

ఆ సీసాను గంటసేపు కదపకుండా ఉంచి, వెలుతురుకు ఎత్తి చూడండి. పైన పొర కట్టిందా, అది విడి నూనె. సెపరేటర్‌లో (నూనె తేలేలా నీళ్లను నెమ్మదిగా పోనిచ్చే తొట్టి), స్కిమ్మర్‌తో (పై పొరను గీకి తీసే పరికరం) తీసేయాల్సిన సరుకు. సుమారు 150 మైక్రాన్లు, అంతకు మించిన బొట్ల కోసమే ఏపీఐ సెపరేటర్ అనే రకాన్ని డిజైన్ చేస్తారు. గంట దాటినా నీళ్లు పాలలా తెల్లగానే ఉన్నాయా, అది ఎమల్షన్, అంటే నూనె సన్నని బొట్లుగా నీళ్లలో కలిసిపోయి విడిపోనిది. కటింగ్ ఆయిల్, డిటర్జెంట్ కలిసే చోట ఇదే తలనొప్పి. యాసిడో పటికో వేసి ముందు దాన్ని విరగ్గొట్టాలి, విడిపోయిన నూనెను గాలి బుడగలతో పైకి తెచ్చి తీసేయాలి. మీడియా పని ఆ తర్వాత మిగిలిన కాస్త నూనెతోనే. ఈ వరస తప్పితే ఎంత ఖరీదైన బెడ్ అయినా జిగురు ముద్దవుతుంది.

ఇక ఏ మీడియా? యాక్టివేటెడ్ కార్బన్ రంధ్రాలు మహా సన్నం. బెంజీన్, ఫినాల్ లాంటి కరిగిన పదార్థాలను బాగా పడుతుంది కానీ, నూనె బొట్లు వచ్చి ఆ రంధ్రాల మూతులే మూసేస్తాయి. అందుకే నేను దాని ముందు ఆర్గానోక్లే పెడతాను. బెంటోనైట్ మట్టికి క్వాటర్నరీ అమోనియం అనే రసాయనం పట్టించి చేసేది ఇది. నీటిని ఇష్టపడే మట్టి కాస్తా నూనెను ఇష్టపడేదిగా మారుతుంది. నూనె తాగాక ఉబ్బుతుంది కాబట్టి ఒట్టిదే నింపితే బెడ్ బిగిసి ప్రెజర్ పెరుగుతుంది. సాధారణంగా 30 శాతం ఆర్గానోక్లే, 70 శాతం ఆంత్రసైట్ (గట్టి రాతి బొగ్గు) కలుపుతారు. రంపపు పొట్టు నేల మీద ఒలికిన నూనెకు సరే, కాలమ్‌లో మాత్రం వేయను. పచ్చి పొట్టు నూనె కంటే ముందు నీళ్లే పీల్చుకుంటుంది.

కొనేముందు మీ నీళ్లతోనే బీకర్ పరీక్ష చేయండి. లీటరుకు 1, 2, 5, 10 గ్రాముల చొప్పున మీడియా వేసి, అన్నిటినీ ఒకే వేగంతో, ఒకే సమయం కలపండి. ఒక బీకర్‌లో ఏమీ వేయకుండా కూడా కలపాలి. గాజుకీ, కలిపే రెక్కకీ ఎంత నూనె అంటుకుందో దాన్నిబట్టే తెలుస్తుంది. తర్వాత తేరుకోనిచ్చి పై నీళ్లు వంచుకోండి. ఫిల్టర్ పేపర్ కూడా నూనె పీలుస్తుంది, దాన్ని వాడితే మీడియా లేనిపోని గొప్పగా కనిపిస్తుంది.

సైజు లెక్క సులువే. గంటకు 2 ఘనపు మీటర్ల నీళ్లకు 15 నిమిషాల స్పర్శ కావాలంటే 500 లీటర్ల మీడియా. ఇన్‌లెట్‌లో లీటరుకు 50 మిల్లీగ్రాములు, అవుట్‌లెట్‌లో 5 అనుకుంటే, రోజుకు 40 ఘనపు మీటర్ల మీద బెడ్‌లో చేరే నూనె 1.8 కిలోలు. మీడియా అమ్మేవాళ్ల కాగితంలోని సామర్థ్యంలో సగమే నేను లెక్కలోకి తీసుకుంటాను.

కాలమ్‌లు రెండు, ఒకదాని తర్వాత ఒకటి ఉండాలి. శాంపిల్ మొదటిదాని అవుట్‌లెట్‌లో తీయండి. అక్కడ నూనె పెరగడం మొదలయ్యాక దాని మీడియా మార్చి, రెండోదాన్ని ముందుకు, కొత్తదాన్ని వెనక్కు తిప్పాలి. కొత్త కార్బన్‌ను ఓ రోజు నానబెట్టండి, లేకపోతే గాలి పట్టి నీళ్లు ఒకే దారిలో జారిపోతాయి.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్తాను: తడి కార్బన్ మూసిన ట్యాంకులోని ఆక్సిజన్‌ను లాగేస్తుంది. ఆక్సిజన్ మీటర్‌తో చూడకుండా, బయట మనిషి లేకుండా లోపలికి ఎవరినీ దించొద్దు. తీసిన మీడియాను మూత ఉన్న డ్రమ్ముల్లో పెట్టి ప్రమాదకర వ్యర్థంగానే పంపాలి. నూనె తాగిన పొట్టును కుప్పగా వదిలితే తనంతట తానే వేడెక్కి అంటుకోవచ్చు.