రద్దయిన అసెంబ్లీ స్థానం ఎన్నికల చరిత్ర రాయడం ఎలా: కమలాపూర్ ఉదాహరణగా

ముందుగా ఎన్నికల సంఘం గణాంక నివేదికలను ఒక్కో ఏడాదివీ దించుకోండి. స్థానాన్ని పేరుతోనే వెతకాలి. నియోజకవర్గాల పునర్విభజనతో, అంటే సరిహద్దులు మార్చి గీయడంతో, క్రమసంఖ్యలు మారతాయి.

ఎక్కువమంది తప్పేది ఉప ఎన్నికల దగ్గరే. సాధారణ ఎన్నికల నివేదికలో అవి ఉండవు. కమలాపూర్‌లో ఈటల రాజేందర్ 2004లోనే కాదు, 2008 ఉప ఎన్నికలోనూ గెలిచారు. ఆ రెండో గెలుపు కోసం ఉప ఎన్నికల ఫలితాలు విడిగా చూడాల్సిందే.

మెజారిటీ అంటే విజేత ఓట్లలోంచి రెండో స్థానం ఓట్లు తీసేయగా మిగిలేది. ఓట్ల శాతాన్ని మాత్రం చెల్లిన ఓట్ల మీదే కట్టండి, పోలైన వాటి మీద కాదు.

2009లో కమలాపూర్ మండలం హుజూరాబాద్ స్థానంలో కలిసింది. అయినా రెండింటి ఫలితాలనూ ఒకే పట్టికలో కలపకండి, ఓటర్లు వేరు. మండలం ఇప్పుడు హనుమకొండ జిల్లాలో ఉంది, పాత రికార్డులకు కరీంనగర్ జిల్లా కింద వెతకండి.