రోడ్డు కోసం స్పోర్ట్స్ కారు గేరు నిష్పత్తులను మార్చుకోవడం

స్పోర్ట్స్ కారుకు గేరు నిష్పత్తులను (గేరుబాక్సు అవుట్‌పుట్ ఒక చుట్టు తిరగడానికి ఇంజన్ ఎన్ని చుట్లు తిరగాలో చెప్పే అంకెలను) నిర్ణయించేటప్పుడు తయారీదారు గరిష్ఠ వేగాన్ని, ఉద్గార పరీక్షలను, సున్నా నుంచి వంద కిలోమీటర్లకు పట్టే సమయాన్ని, రేస్ ట్రాక్ అవసరాలను ఒకే పెట్టెలో సర్దవలసి ఉంటుంది. ఆ సర్దుబాటులో నష్టపోయేవి తరచుగా రెండో గేరు, మూడో గేరు. ఒకే ఒక్క మార్పిడితో వంద దాటాలంటే రెండో గేరు చాలా దూరం సాగాలి. అలా సాగిన గేరులో మలుపుల రోడ్డు మీద యాభై, అరవై కిలోమీటర్ల వేగం నుంచి యాక్సిలరేటర్ తొక్కితే, ఇంజన్ తన బలం చూపే ఆర్‌పీఎంకు (నిమిషానికి తిరిగే చుట్ల సంఖ్యకు) చేరేలోపే తరువాతి మలుపు వచ్చేస్తుంది. ఆ రెండు గేర్లను రోడ్డు వేగాలకు దగ్గరగా తేవడమే ఈ పని లక్ష్యం. అన్ని గేర్లనూ కుదించివేయడం కాదు.

విడిభాగాల ధరలు చూడకముందే కొన్ని వారాల పాటు మీ డ్రైవింగ్‌ను నమోదు చేయండి. ఆర్‌పీఎంను, వేగాన్ని రాసిపెట్టే డేటా లాగర్ ఉంటే మేలు. అది లేకపోయినా, మీకు నచ్చిన రోడ్డు మీద ఏ గేరులో, ఏ వేగాల మధ్య ఎక్కువసేపు ఉంటున్నారో, ఎక్కడ గేరు దించాలా వద్దా అనే సందిగ్ధం కలుగుతోందో ప్రతి ప్రయాణం తరువాత రాసుకుంటే సరిపోతుంది. ఈ కాగితం లేకుండా గేర్లు కొన్నవారు మరొకరి కారుకు సరిపోయే గేరుబాక్సును తమ కారులో బిగించుకుంటారు.

తరువాతిది లెక్క. ఆర్‌పీఎంను మీటర్లలో ఉన్న టైరు చుట్టుకొలతతోను, 0.06తోను గుణించి, వచ్చినదాన్ని గేరు నిష్పత్తి, ఫైనల్ డ్రైవ్ (గేర్ల తరువాత, చక్రాలకు ముందు ఉండే చివరి జత) నిష్పత్తుల లబ్ధంతో భాగిస్తే గంటకు కిలోమీటర్లలో వేగం వస్తుంది. పోర్షా 718 కేమన్ జీటీ4ను ఉదాహరణగా తీసుకుందాం. దాని ఆరు గేర్ల నిష్పత్తులు వరుసగా 3.31, 1.95, 1.41, 1.13, 0.95, 0.81, ఫైనల్ డ్రైవ్ 3.89, ఆర్‌పీఎం పరిమితి 8000. వెనుక టైరు 295/30 ఆర్20 కాబట్టి వ్యాసం 685 మిల్లీమీటర్లు, చుట్టుకొలత సుమారు 2.15 మీటర్లు. బరువు కింద టైరు కొంచెం నొక్కుకుపోతుంది కనుక నిజమైన చుట్టుకొలత రెండు మూడు శాతం తక్కువగా ఉంటుంది, కానీ పోలికకు ఈ అంకె చాలు. లెక్క కడితే మొదటి గేరు 80 కిలోమీటర్ల వరకు, రెండోది 136 వరకు, మూడోది 188 వరకు వెళ్తాయి. అంటే సాధారణ రోడ్డు మీద ఈ కారు రెండో గేరును పూర్తిగా వాడుకునే అవకాశమే దాదాపు రాదు.

ఇప్పుడు గేర్ల మధ్య అంతరాలను చూడాలి, ఎందుకంటే అసలు కథ అక్కడే ఉంది. పై గేరు నిష్పత్తిని కింది గేరు నిష్పత్తితో భాగిస్తే మార్పిడి తరువాత ఆర్‌పీఎం ఎంత మిగులుతుందో తెలుస్తుంది. ఈ కారులో 8000 దగ్గర మొదటి నుంచి రెండుకు మారితే 4710కి పడిపోతుంది. ఐదు నుంచి ఆరుకు మారితే 6820 దగ్గర ఆగుతుంది. గాలి నిరోధాన్ని జయించడానికి కావలసిన శక్తి వేగం ఘనానికి అనులోమంగా పెరుగుతుంది కాబట్టి, అధిక వేగంలో మిగులు శక్తి తక్కువై, పై గేర్లు దగ్గరదగ్గరగా ఉండవలసి వస్తుంది. గరిష్ఠ వేగం కోసం అది సరైన అమరికే. అయితే రోడ్డు మీద తిరిగేవారికి దగ్గరి గేర్లు తాము ఎన్నడూ వెళ్ళని చోట, దూరపు గేర్లు తాము రోజూ ఉండే చోట దక్కుతున్నాయి. ఈ ఇంజన్ 420 న్యూటన్ మీటర్ల గరిష్ఠ టార్క్‌ను (తిప్పే బలాన్ని) 5000 నుంచి 6800 ఆర్‌పీఎం మధ్య ఇస్తుంది. మొదటి నుంచి రెండుకు మారినప్పుడు చేరే 4710 ఆ పరిధికి కిందనే ఉంది.

మొదటి గేరును, ఆరో గేరును అలాగే ఉంచి మధ్యవాటిని మాత్రమే మార్చి చూద్దాం: 3.31, 2.13, 1.56, 1.24, 1.00, 0.81. ఇప్పుడు మొదటి మార్పిడి తరువాత ఆర్‌పీఎం 5150 దగ్గర, అంటే టార్క్ పరిధి లోపల నిలుస్తుంది. రెండో గేరు 125 వరకు, మూడోది 170 వరకు వెళ్తాయి. అదే ఆర్‌పీఎంలో చక్రాలకు చేరే టార్క్ రెండో గేరులో తొమ్మిది శాతం, మూడో గేరులో పది శాతానికి పైగా పెరుగుతుంది. వంద కిలోమీటర్ల వేగంతో సాఫీగా వెళ్ళేటప్పుడు ఆరో గేరులో మునుపటిలాగే సుమారు 2440 ఆర్‌పీఎం ఉంటుంది కాబట్టి శబ్దంలోగాని, ఇంధనంలోగాని కోల్పోయేది లేదు. ఇదే పద్ధతిని ఏ కారుకైనా అన్వయించవచ్చు. మారేవి అంకెలు మాత్రమే.

రేసుల కోసం అమ్మే క్లోజ్ రేషియో (నిష్పత్తులు దగ్గరదగ్గరగా ఉండే) గేర్ల సెట్‌ను రోడ్డు కారుకు నేను సిఫారసు చేయను. వాటిలో చాలావరకు మొదటి గేరు నిష్పత్తి తక్కువగా ఉంటుంది, అంటే కారును కదిలించే బలం తగ్గుతుంది. రేసులో దాన్ని ఒక్కసారే వాడతారు, రోడ్డు మీద మాత్రం ప్రతి సిగ్నల్ దగ్గర, ప్రతి ఎత్తు మీద క్లచ్ ఆ భారాన్ని మోయాలి. అటువంటి సెట్లలో తరచుగా కనిపించే నేరు పళ్ళ గేర్లు పక్కకు తోసే బలం లేకుండా పనిచేస్తాయి గాని, వాటి కూత గంట ప్రయాణంలోనే విసుగు పుట్టిస్తుంది. రోడ్డుకు ఏటవాలు పళ్ళవే కావాలి.

ఫైనల్ డ్రైవ్‌ను మార్చడం రెండో మార్గం. అన్ని గేర్లూ ఒకే శాతంలో కుదించుకుపోతాయి, గేర్ల మధ్య అంతరాలు మాత్రం మారవు. ముందు ఇంజన్, వెనుక డ్రైవ్ ఉన్న చాలా కార్లలో ఫైనల్ డ్రైవ్ ఉండే డిఫరెన్షియల్ విడిగా ఉంటుంది కాబట్టి గేరుబాక్సును విప్పనవసరం లేదు. 185/60 ఆర్14 టైర్లున్న మొదటి తరం మాజ్దా ఎంఎక్స్-5లో 4.10ను 4.30గా మారిస్తే దాదాపు ఐదు శాతం లాభం వస్తుంది. ఐదో గేరులో వంద కిలోమీటర్ల దగ్గర ఆర్‌పీఎం సుమారు 3065 నుంచి 3215కు పెరుగుతుంది. గేర్ల అంతరాలు ముందే బాగున్న అటువంటి కారుకు ఇది చక్కని పరిష్కారం. కానీ ఆ కారులోనే తొలినాటి 1.6 లీటర్ల మోడల్ క్రౌన్ వీల్ (ఫైనల్ డ్రైవ్‌లోని పెద్ద గేరు), 1.8 మోడల్‌దానికంటే చిన్నది. నిష్పత్తి ఒక్కటే చూసి కొంటే అది ఇంట్లో అలంకారంగా మిగులుతుంది. ఇంజన్ అడ్డంగా ఉండే ముందు చక్రాల డ్రైవ్ కార్లలోను, ఇంజన్ వెనుక ఉండే కార్లలోను ఫైనల్ డ్రైవ్ కూడా గేరుబాక్సు పెట్టెలోనే ఉంటుంది. అక్కడ ఏది మార్చాలన్నా పెట్టెను దించవలసిందే కాబట్టి, శ్రమ ఎలాగూ తప్పనప్పుడు గేర్లనే మార్చడం గురించి ఆలోచించాలి.

భాగాలు ఎంచుకునేటప్పుడు షాఫ్టు నిర్మాణాన్ని ముందు తెలుసుకోండి. చాలా గేరుబాక్సుల్లో మొదటి గేరు, కొన్నిటిలో రెండోది కూడా ఇన్‌పుట్ (ఇంజన్ వైపు) షాఫ్టుతో కలిపి ఒకే ముక్కగా చెక్కి ఉంటాయి. అప్పుడు రెండో గేరు మార్చడమంటే షాఫ్టునే మార్చడం. షాఫ్టుల మధ్య దూరం స్థిరం కనుక ఒక జతలోని పళ్ళ మొత్తానికి కూడా పరిమితి ఉంటుంది, 2.13 కావాలంటే 32, 15 పళ్ళ జత పనికివస్తుంది. ఈ రెండు సంఖ్యలకు ఉమ్మడి భాజకం లేకపోవడం మంచిది, ఎందుకంటే ప్రతి పన్ను అవతలి గేరులోని ప్రతి పన్నుతోను వంతులవారీగా కలుస్తుంది, అరుగుదల సమంగా పడుతుంది. ఫైనల్ డ్రైవ్‌లో నిష్పత్తి పెంచేకొద్దీ పినియన్ (క్రౌన్ వీల్‌ను తిప్పే చిన్న గేరు) ఇంకా చిన్నదై బలం తగ్గుతుంది. ఇంజన్ టార్క్ ఎక్కువైన కారులో దీన్ని తేలికగా తీసుకోరాదు.

పెట్టె విప్పాక తెలిసే సంగతులు కొన్ని ఉంటాయి. సింక్రో రింగులు (గేరు మారేటప్పుడు వేగాలను కలిపేవి), హబ్బులు, స్లీవులు, సెలెక్టర్ ఫోర్కులు, బేరింగులు అన్నిటినీ కొలిచి, తయారీదారు ఇచ్చిన పరిమితి దాటినవాటిని మార్చాలి. మళ్ళీ విప్పడానికయ్యే ఖర్చు ముందు కొత్త బేరింగు ధర చిన్నది కాబట్టి, నా మటుకు బేరింగులనూ సీళ్ళనూ ఏ సందేహమూ లేకుండా మార్చేస్తాను. షాఫ్టుకు బిగుతుగా ఎక్కే గేరును సుత్తితో కొట్టి ఎక్కించకూడదు. మాన్యువల్ చెప్పిన ఉష్ణోగ్రతకు వేడిచేసి, ప్రెస్‌తో దించాలి. ఎండ్ ప్లేను (షాఫ్టు ముందుకు వెనక్కు కదిలే సందును) డయల్ గేజ్‌తో కొలిచి, దాన్నీ బేరింగు ప్రీలోడ్‌నూ (బేరింగు మీద ముందే పెట్టే బిగువునూ) షిమ్ములతో (పలుచని రేకులతో) సరిచేయాలి. క్రౌన్, పినియన్ మారితే పినియన్ లోతును, పళ్ళ మధ్య బ్యాక్‌లాష్‌ను (ఖాళీని) సెట్ చేసి, పళ్ళకు మార్కింగ్ రంగు పూసి తిప్పి, అచ్చు పన్ను మధ్యభాగంలో పడుతోందో లేదో చూడాలి. అచ్చు అంచుకు జరిగితే ఆ సెట్ మోత పెడుతుంది, త్వరగా అరిగిపోతుంది. ఈ ఒక్క పనిని మాత్రం పరికరాలు, అనుభవం లేనివారు సొంతంగా చేయకపోవడమే క్షేమం.

పెట్టెను కారుకు ఎక్కించకముందే బల్ల మీద ఇన్‌పుట్ షాఫ్టును చేత్తో తిప్పుతూ ప్రతి గేరునూ వేసి చూడాలి. ప్రతి గేరులో ఇన్‌పుట్ ఎన్ని చుట్లు తిరిగితే అవుట్‌పుట్ ఒక చుట్టు తిరుగుతుందో లెక్కపెడితే, కొన్న నిష్పత్తే లోపల ఉందని అక్కడే రుజువవుతుంది. నూనె విషయంలో మాన్యువల్ మాటే చివరిది. జీఎల్-4 రకం గేరు నూనె అడిగిన గేరుబాక్సులో జీఎల్-5 పోస్తే అందులోని గంధక రసాయనాలు ఇత్తడి సింక్రో రింగులను తినే ప్రమాదం ఉంది.

వేగాన్ని గేరుబాక్సు అవుట్‌పుట్ నుంచి కొలిచే పాత కార్లలో ఫైనల్ డ్రైవ్ మారితే స్పీడోమీటర్, ఓడోమీటర్ రెండూ తప్పు చూపుతాయి. చిన్న డ్రైవ్ గేరు మార్చో, సిగ్నల్‌ను సవరించే పరికరం అమర్చో సరిచేయాలి. చక్రాల సెన్సర్ల నుంచి వేగం తీసుకునే కార్లలో ఆ ఇబ్బంది లేదు. అయితే ఆర్‌పీఎంను వేగంతో పోల్చి ఏ గేరులో ఉందో ఊహించే ఈసీయూ (ఇంజన్‌ను నియంత్రించే కంప్యూటర్) కొత్త నిష్పత్తులను గుర్తించదు కాబట్టి, గేరు సూచిక, ఆటోమేటిక్ రెవ్ మ్యాచింగ్ (గేరు మార్చేటప్పుడు ఇంజన్ వేగాన్ని తానే సరిపెట్టే ఏర్పాటు) పొరబడవచ్చు. కొత్త విలువలను అందులో రాయించాలి. బీమా సంస్థకు మార్పును లిఖితపూర్వకంగా తెలియజేయడం కూడా ఈ దశలోనే పూర్తిచేయండి.

మొదటి కొన్ని వందల కిలోమీటర్లు మృదువుగా నడపాలి. కొత్త క్రౌన్ పినియన్ ఉంటే మొదట పావుగంట తేలికగా నడిపి, పూర్తిగా చల్లారనిచ్చి, మళ్ళీ నడపడం కొన్నిసార్లు చేస్తే పళ్ళ ఉపరితలం వేడెక్కి పాడవకుండా కుదురుకుంటుంది. ఆ తరువాత నూనె మార్చి, డ్రెయిన్ బోల్టు అయస్కాంతాన్ని చూడండి. బూడిద రంగు మెత్తని ముద్ద సహజం. వేలికి గుచ్చుకునే ముక్క కనిపిస్తే నడపడం ఆపి పెట్టెను దించాలి. అంతా సవ్యంగా ఉంటే, మొదట్లో రాసుకున్న కాగితం తీసి అదే రోడ్డుకు వెళ్ళి, మునుపు సందిగ్ధం కలిగిన ప్రతి మలుపు దగ్గరా ఏ గేరు, ఏ ఆర్‌పీఎం ఉన్నాయో పక్కనే రాయండి.