సైకిల్ మొరాయిస్తే తప్పు ఎక్కడుంది? బరంపురం రోడ్ల నుంచి కొన్ని జవాబులు

ఒడిశాలోని బరంపురం పాత ఊరి నుంచి, సముద్రం వైపు యూనివర్సిటీ ఉన్న భంజ విహార్ దాకా రోజూ సైకిల్ మీదే ఉద్యోగానికి వెళ్తాను. ఒకవైపు పది పన్నెండు కిలోమీటర్లు. బండి మొరాయించిన ప్రతిసారీ నేను అనుమానించిన భాగం ఒకటి, పాడైన భాగం ఇంకొకటి. ఇక్కడ రాస్తున్నవన్నీ గేర్లు లేని మామూలు 28 అంగుళాల సైకిల్‌కి సంబంధించినవి.

పంక్చర్ వేయించిన వారానికే మళ్లీ గాలి పోతోంది

నాకు ఒకే నెలలో నాలుగు పడ్డాయి. ప్రతిసారీ ప్యాచ్ వేయించుకుని, రోడ్డు మీద మేకులు పారేసేవాళ్లను తిట్టుకుంటూ ఇంటికి చేరేవాణ్ని. నాలుగోసారి మా వీధి మలుపులో కూర్చునే మిస్త్రీ ట్యూబు నా చేతిలో పెట్టి, "ఏటి బాబూ, మేకు లోపలి పక్క నుంచి దిగుతాదా?" అన్నాడు. రంధ్రం రిమ్ము వైపు ఉంది. ఒక స్పోకు కొన రిమ్ములోంచి పొడుచుకొచ్చి ప్రతిసారీ అక్కడే గుచ్చుతోంది. ఆకురాయితో ఆ కొన అరగదీసి, కొత్త రిమ్ము పట్టీ వేస్తే అంతటితో పీడ వదిలింది.

కాబట్టి ప్యాచ్ వేసే ముందే రంధ్రం ఎక్కడుందో చూడండి. రోడ్డు వైపు ఉంటే ముల్లో, గాజు పెంకో. అది ఇంకా టైరులోనే ఉండొచ్చు. టైరు లోపల పాత గుడ్డతో చుట్టూ తుడిస్తే, గుడ్డ చిక్కుకున్న చోట దొరుకుతుంది. వట్టి వేళ్లతో తడిమితే వేలికే పంక్చర్. పాము కాటేసినట్టు పక్కపక్కనే రెండు రంధ్రాలుంటే గాలి తక్కువై, గుంతలో పడ్డప్పుడు ట్యూబు రిమ్ముకీ రాయికీ మధ్య నలిగిందన్నమాట. ప్యాచ్‌తో పాటు గాలి నిండా కొట్టించుకోవడమే దీనికి మందు.

నీళ్లలో ముంచినా బుడగలు రాకపోతే ట్యూబును వదిలేసి వాల్వు చూడండి. చక్రం తిప్పి వాల్వు మీద కాస్త ఉమ్మి రాస్తే బుడగ లేస్తుంది. లోపలి సన్న రబ్బరు గొట్టం ఎండి చిట్లి ఉంటుంది. కొత్త ముక్క తొడిగితే చాలు. ఈ చిన్న ముక్క కోసం ట్యూబే మార్పించుకున్నవాళ్లు నాకు తెలుసు (అందులో నేనూ ఉన్నాను).

చైను గరగరమంటోంది, గట్టిగా తొక్కితే జారుతోంది

గోపాల్‌పూర్ సముద్రం మనకు దగ్గరే, ఉప్పు గాలి ఊరికే ఉండదు. వానాకాలంలో వారం పట్టించుకోకపోతే చైను ఎర్రబడుతుంది. అప్పుడు చాలామంది వంటింట్లోంచి కొబ్బరి నూనె తెచ్చి పోస్తారు. అది జిగురుగా మారి, దుమ్ము అంటుకుని, ఇంకా పాడుచేస్తుంది. డీజిల్‌తో తడిపిన గుడ్డతో తుడిచి, ఆరాక లింకుకో చుక్క కుట్టుమిషన్ నూనె వేసి, పైన మిగిలింది తుడిచేయండి.

జారడం మాత్రం నూనెతో పోదు. స్కేలు పెట్టి 24 లింకులు కొలవండి. కొత్త చైనుకి సరిగ్గా 12 అంగుళాలు వస్తాయి. దాని మీద 1.5 మిల్లీమీటర్లు పెరిగితే చైను మార్చాలి. 3 మిల్లీమీటర్లు పెరిగిందంటే ఫ్రీవీల్ (వెనక చక్రానికి ఉండే పళ్ల చక్రం) పళ్లు కూడా అరిగి ఉంటాయి, కొత్త చైను ఒక్కటే వేస్తే ఆ అరిగిన పళ్ల మీద మళ్లీ జారుతుంది.

పెడల్ ఒక చుట్టు తిరిగితే ఒకసారి 'టక్'

తొక్కడం ఆపగానే చప్పుడు కూడా ఆగితే ముందుగా కాటర్ పిన్ను, అంటే పెడల్ కడ్డీని ఇరుసుకి బిగించే మేకు, చూడండి. నట్టు ఒక్కటే బిగిస్తే రెండు రోజులకి మళ్లీ వదులవుతుంది. పిన్నును సుత్తితో కొట్టి దించి, ఆ తర్వాతే నట్టు బిగించాలి.

వానలో బ్రేక్ పట్టడం లేదు

స్టీలు రిమ్ము తడిస్తే బ్రేక్ రబ్బరు జారుతుంది. ఆగాల్సిన చోటుకి కాస్త ముందు నుంచే బ్రేక్ మెల్లగా ఆనించి ఉంచితే రెండు మూడు చుట్లలో రిమ్ము మీద నీళ్లు తుడుచుకుపోతాయి, తర్వాత పడుతుంది. రబ్బరు ముఖం నున్నగా మెరుస్తుంటే ఎమరీ కాగితంతో రుద్దండి. నాదొకటి కీచుమని అరిచేది. రెండేళ్లకోసారి వచ్చే మా ఊరి అమ్మవారి జాతర ఠాకురాణి యాత్ర రోజుల్లో ఆ జనంలో బెల్లు కన్నా ఆ కీచుకే దారి ఇచ్చారు. యాత్ర అయ్యాకే బాగుచేయించాను.

రోడ్డు మీద నీళ్లు నిలిస్తే మాత్రం బ్రేకుల సంగతి పక్కన పెట్టి దిగి నడవండి. కింద కాలువ మూత ఉందో లేదో పైకి కనపడదు.

మోకాలి ముందు వైపు నొప్పి

వయసనుకున్నాను. సీటు కిందికి ఉంది, అంతే. పెడల్ అడుగున ఉన్నప్పుడు దాని మీద మడమ పెడితే కాలు చాచినట్టు నిటారుగా ఉండాలి.

పొద్దున్న తేలిగ్గా పోతుంది, పదకొండు దాటితే బరువెక్కుతుంది

మొదట ఒక్కో చక్రం ఎత్తి తిప్పండి, బ్రేక్ రబ్బరు రాసుకుంటోందేమో తెలుస్తుంది. రెండు చక్రాలూ హాయిగా తిరిగితే సైకిల్‌లో ఏ లోపమూ లేదు. ఎండ ఎక్కాక నేల వేడెక్కి సముద్రం గాలిని లోపలికి లాగుతుంది, భంజ విహార్ వైపు వెళ్లేవాళ్లకి అది ఎదురుగాలి. ఎనిమిది లోపు బయల్దేరితే ఆ బాధ ఉండదు. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు అదే గాలి వీపు మీద చెయ్యేసి తోస్తుంది. ఆ పూట ఎవరైనా అడిగితే మాత్రం, నిన్ననే చైనుకి నూనె వేశానని చెప్తాను.