ఎపిక్స్ నేర్చుకుందాం – 4వ భాగం: కరెంటు పోయి వచ్చినా ఐఓసీ తనంతట తానే లేవాలంటే

ఎపిక్స్ అంటే ప్రయోగశాలల్లో పరికరాలను నడిపే సాఫ్ట్‌వేర్. అందులో ఐఓసీ అనే ప్రోగ్రామ్ పరికరంతో మాట్లాడి, దాని విలువలను నెట్‌వర్క్‌లో ఇస్తుంది. పోయిన భాగంలో దాని ద్వారా వాక్యూమ్ గేజ్ రీడింగ్‌ని తెర మీద చూశాం. ఇప్పుడు ఆ టెర్మినల్ మూసేయండి, ఐఓసీ కూడా ఆగిపోతుంది. అర్ధరాత్రి కరెంటు పోయి వస్తే ఎవరో ఒకరు లేచి వచ్చి ఆదేశం టైప్ చేసేదాకా గేజ్ కనబడదు. ఐఓసీని లేపే ఆ పని, లైనక్స్‌లో ప్రోగ్రామ్‌లను మొదలుపెట్టి చూసుకునే సిస్టమ్‌డీకి అప్పగిద్దాం.

ఏ ప్రోగ్రామ్‌ను ఎలా నడపాలో సిస్టమ్‌డీకి చెప్పేది సర్వీస్ ఫైల్. ఐఓసీని నేరుగా అందులో పెట్టి చూడండి. మొదలవుతుంది, వెంటనే ఆగిపోతుంది. ఐఓసీ అన్నీ లోడ్ చేశాక తన షెల్‌లో (ఆదేశాలు టైప్ చేసే చోట) ఆదేశం కోసం ఎదురుచూస్తుంది కదా. సర్వీస్‌గా నడిచేటప్పుడు దానికి కీబోర్డ్ ఉండదు. ఇన్‌పుట్ అయిపోయిందనుకుని షెల్ బయటికొచ్చేస్తుంది.

అందుకే మధ్యలో ప్రాక్‌సెర్వ్ అనే ప్రోగ్రామ్ కావాలి. ఇది ఐఓసీకి ఒక టెర్మినల్ ఉన్నట్టే చూపిస్తుంది, ఐఓసీ షెల్‌ను (కన్సోల్‌ను) చేరడానికి మనకు టెల్‌నెట్ పోర్టు ఇస్తుంది. కన్సోల్‌లో కంట్రోల్-ఎక్స్ నొక్కితే ఐఓసీ ఆగి మళ్లీ మొదలవుతుంది. ఐఓసీ క్రాష్ అయినా ప్రాక్‌సెర్వే మళ్లీ లేపుతుంది. అయితే రెండు స్టార్ట్‌ల మధ్య మామూలుగా కనీసం 15 సెకన్లు ఉండేలా చూస్తుంది.

సర్వీస్ ఫైల్లో ఎగ్జెక్‌స్టార్ట్ (ఏ ఆదేశం నడపాలో చెప్పే లైన్) దగ్గర ప్రాక్‌సెర్వ్ పూర్తి పాత్ రాసి, ఫోర్‌గ్రౌండ్ ఆప్షన్ తప్పకుండా పెట్టండి. లేకపోతే ప్రాక్‌సెర్వ్ బ్యాక్‌గ్రౌండ్‌కి వెళ్తుంది, పని ముగిసిందనుకుని సిస్టమ్‌డీ మొత్తాన్నీ ఆపేస్తుంది. కంట్రోల్-డీ, కంట్రోల్-సీలను ఇగ్నోర్ లిస్టులో చేర్చండి, కన్సోల్ చూడ్డానికొచ్చినవాళ్లు పొరపాటున ఐఓసీని ఆపకుండా ఉంటారు. ఆ టెల్‌నెట్‌కి పాస్‌వర్డ్ ఉండదు కాబట్టి బయటి మెషీన్లకు తెరవకండి, ఎస్‌ఎస్‌హెచ్ అనే సురక్షిత లాగిన్ ద్వారానే రండి. నెట్‌వర్క్ సిద్ధమయ్యాకే ఐఓసీ లేవాలంటే, సర్వీస్ ఫైల్లో నెట్‌వర్క్-ఆన్‌లైన్ టార్గెట్‌ను ఆఫ్టర్ లైన్లోనూ వాంట్స్ లైన్లోనూ రాయాలి. ఆఫ్టర్ వరుస మాత్రమే చెబుతుంది, టార్గెట్‌ను మొదలుపెట్టదు.

ఇక అసలు సంగతి. వెబ్ సర్వర్ ఆగి మళ్లీ లేస్తే పేజీ కాసేపు రాదు, అంతే. ఐఓసీ లేస్తే పరికరానికి విలువలు రాయగలదు. ఒక మాగ్నెట్ పవర్ సప్లై తీసుకోండి. ఐఓసీలో ఒక్కో విలువకు ఒక్కో రికార్డు ఉంటుంది. దాని కరెంట్ సెట్‌పాయింట్ (ఎంత కరెంట్ ఇవ్వాలో చెప్పే) రికార్డులో పినీ ఫీల్డ్ యెస్ అని ఉంది, అంటే ఐఓసీ లేవగానే ఆ రికార్డు తనంతట తానే నడుస్తుంది. పాత విలువలను దాచి తిరిగి తెచ్చే ఆటోసేవ్ నిన్నటి 80 ఆంపియర్లను తిరిగి తెచ్చింది. ఐఓసీ లేవగానే 80 వెళ్లిపోతుంది, అప్పుడు ఎవరూ అడగకపోయినా! గేజ్ లాంటి చదివే ఐఓసీలను నిశ్చింతగా ఆటోమేటిక్ చేయండి. రాసే ఐఓసీల్లో మాత్రం ప్రతి అవుట్‌పుట్ రికార్డునూ విడిగా చూడాలి. డివైస్ సపోర్ట్ (రికార్డును పరికరంతో కలిపే కోడ్) వీలిస్తే ముందు పరికరంలో ఉన్న విలువనే రికార్డులోకి చదివించండి. మనుషుల భద్రతకు సంబంధించిన ఇంటర్‌లాక్‌ను (ప్రమాదం ఉంటే పరికరాన్ని ఆపే ఏర్పాటును) ఎప్పుడూ ఐఓసీ మీద ఆధారపడనివ్వకండి, అది హార్డ్‌వేర్‌లోనో సేఫ్టీ పీఎల్‌సీలోనో (భద్రత కోసమే ఉన్న ప్రత్యేక కంట్రోలర్‌లోనో) ఉండాలి.

అభ్యాసం: గేజ్ ఐఓసీ సర్వీస్‌ను స్టార్ట్ చేయడంతో ఆపకుండా ఎనేబుల్ కూడా చేయండి, బూట్‌లో లేపేది ఎనేబులే. మెషీన్ రీబూట్ చేసి, లాగిన్ అవకుండానే ఇంకో మెషీన్ నుంచి సీఏగెట్‌తో (ఎపిక్స్ విలువను చదివే ఆదేశంతో) రీడింగ్ అడగండి. తర్వాత ఐఓసీ ప్రాసెస్‌ను కిల్ చేసి, లాగ్‌లో అది మళ్లీ లేచిన సమయం చూడండి.